మా ఇంటి మూట ఎవరి చేతికి?

మా మనుమరాలికి ఏడు నెలలు నిండినప్పుడు మా అమ్మాయి పాపను మాకప్పగించి హైదరాబాదులో తిరిగి ఉద్యోగంలో చేరింది. అల్లుడుగారు సామర్లకోట స్టేషనులో దింపిన సామానులో పాప బట్టల సంచి ఒకటి ఉంటే, డైపర్ల పెట్టెలు రెండు ఉన్నాయి. పిఠాపురంలో మా ఇంటికి వచ్చే ఆటోలో వాటిని పెట్టుకోవడానికే చోటు చాలలేదు.

"మేము మీ ముగ్గురినీ గుడ్డల మీదే పెంచాము. ఇవన్నీ ఎందుకమ్మా?" అన్నాము.

"ఆ గుడ్డలు ఉతికింది ఎవరు నాన్నా? అమ్మే కదా! ఇప్పుడు అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మళ్ళీ తనచేతే ఉతికిస్తారా?" అన్నది మా అమ్మాయి.

మా ఇద్దరిలో ఒకరికి నోట మాట రాలేదు. రెండవవారు నవ్వారు. ఎవరు నవ్వారో చదువరులు ఊహించుకోగలరు.

పసిపిల్లల మలమూత్రాల గుడ్డల గురించి సంఘ పత్రికలో వ్రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. అయితే ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం తీసి చూడండి. అరణ్యంలో ఉన్న ఇశ్రాయేలీయులకు దేవుడు బలుల గురించి, పండుగల గురించి మాత్రమే చెప్పి ఊరుకోలేదు. పాళెము వెలుపలికి వెళ్ళి, గొయ్యి త్రవ్వి, మలాన్ని మట్టితో కప్పాలని కూడా చెప్పాడు. తాను వారి పాళెములో సంచరిస్తున్నాను గనుక అది పరిశుద్ధంగా ఉండాలన్నాడు. దేవుడు ఎంచిన విషయాన్ని మనం చిన్నదనుకోనక్కరలేదు గదా!

పొడిగా ఉన్నది కదా అనుకున్నాము

నిజం చెప్పాలంటే, మొదటి రెండు నెలలు ఆ డైపర్లు మాకు ఎంతో సుఖమనిపించాయి. రాత్రి పాప లేచి ఏడ్చేది కాదు. పక్క తడిసేది కాదు. ఆదివారం ఆరాధనలో ఒడిలో కూర్చోబెట్టుకుంటే చీర పాడవుతుందన్న భయం లేదు. రోజుకు ఆరు చొప్పున తొడిగి, విప్పి, కిరాణా కొట్టువారిచ్చిన తెల్ల కవరులో వేసి, జారిపోకుండా రెండు ముళ్ళు వేసి, పొద్దున్నే వీధి చివర పెట్టేవాళ్ళము. తరువాత అది ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు.

ఒకరోజు బంధువుల పెండ్లికి కాకినాడ వెళ్ళాము. పొద్దున్న తొమ్మిదింటికి తొడిగిన డైపరు సాయంత్రం ఇంటికి వచ్చాక గాని విప్పలేదు. మధ్యలో రెండుసార్లు పైనుంచి చేయి పెట్టి చూశాము. పొడిగానే ఉన్నది. విప్పేసరికి పాప తొడల మధ్య చర్మం ఎర్రగా కందిపోయి ఉన్నది. మరునాటికి చిన్న చిన్న పొక్కులు లేచాయి. నీళ్ళు తగిలితే పాప గుక్కపట్టి ఏడ్చేది. ఆ ఏడుపు వింటూ మా ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర లేదు. "తల్లి నమ్మి మన చేతిలో పెట్టిన బిడ్డ" అని ఒకరినొకరు చూసుకున్నాము.

పిల్లల డాక్టరుగారు చూసి, కంగారు పడవద్దన్నారు. కాని గట్టిగానే మందలించారు. "పైకి పొడిగా ఉన్నదంటే లోపల శుభ్రంగా ఉన్నదని కాదండి. మలము, మూత్రము కలిసి గాలి తగలని చోట గంటల తరబడి ఉంటే ఎంత మంచి డైపరైనా చర్మం పాడవుతుంది. మూడు నాలుగు గంటలకొకసారి మార్చాలి. మలవిసర్జన చేస్తే వెంటనే మార్చాలి. రోజులో కొంతసేపు ఏమీ తొడగకుండా గాలికి వదిలేయండి" అన్నారు. పౌడరు చల్లవద్దన్నారు. ఆ పొడి పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుందట. జింకు కలిసిన పూత మందు వ్రాసిచ్చారు. నాలుగైదు రోజుల్లో ప్రభువు కృప వలన చర్మం చల్లబడింది.

తప్పు మాది. అయినా ఆ రోజునుంచి, ఇంతకూ ఆ డైపరులో ఏమున్నదని తెలుసుకోవాలనిపించింది.

లోపల ఏమున్నది?

వాడని డైపరు ఒకటి కత్తెరతో కోసి చూశాము. పాప ఒంటికి తగిలే పైపొర గుడ్డలాగా కనిపిస్తుంది గాని గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారాల అల్లిక. లోపల దూదిలాంటిది కొయ్యగుజ్జు. ఆ గుజ్జులో పంచదార పలుకుల్లాంటి గుండ ఉన్నది. దాని పేరు సోడియం పాలీఆక్రిలేట్. చిటికెడు గుండను గిన్నెలో వేసి మంచినీళ్ళు పోస్తే క్షణాల్లో ఉబ్బి సగ్గుబియ్యం జావలాగా అయిపోయింది. అది తన బరువుకు వందల రెట్లు నీటిని పట్టి ఉంచగలదు. ఉప్పు ఉండే మూత్రమైతే అంతకంటే చాలా తక్కువ పడుతుంది. అన్నిటికంటే బయట నీళ్ళు కారకుండా పాలిథిన్ పొర, నడుముకు సాగే దారాలు, జిగురు. అంటే కొయ్యగుజ్జు తప్పించి మిగిలినదంతా దాదాపు ప్లాస్టిక్కే. అది మట్టిలో కలవడానికి కొన్ని వందల సంవత్సరాలు పట్టవచ్చునంటారు.

పాపకు హాని చేసే రసాయనాలు వీటిలో ఉంటాయా? ఈ ప్రశ్న పెద్ద దేశాలవారు కూడా వేసుకున్నారు. ఫ్రాన్సు ప్రభుత్వపు ఆరోగ్య భద్రతా సంస్థ 2019 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. బజారులోని డైపర్లలో సువాసన ద్రవ్యాలు, మరికొన్ని హానికర పదార్థాల జాడలు ఉన్నాయని, వాటిని తగ్గించాలని, ముఖ్యంగా సువాసనలు పూర్తిగా మానేయాలని తయారీదారులకు చెప్పింది. మన దేశంలో ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ 2021లో ఇక్కడ అమ్మే డైపర్లను పరీక్షచేయించి, వాటిలో థాలేట్లు ఉన్నాయని ప్రకటించింది. ఇవి ప్లాస్టిక్కును మెత్తగా చేయడానికి వాడే రసాయనాలు. శరీరంలోని గ్రంథుల పనికి అడ్డు తగులుతాయని వీటి గురించి శాస్త్రజ్ఞుల ఆందోళన. అదే 2021లో భారతీయ ప్రమాణాల సంస్థ పసిపిల్లల డైపర్లకు ఐఎస్ 17509 అనే ప్రమాణాన్ని వెలువరించింది.

ఇది చదివి ఎవరూ భయపడనక్కరలేదు. డైపరు తొడిగిన ప్రతి బిడ్డకూ జబ్బు చేస్తుందని ఎవరూ చెప్పలేదు. కొనేటప్పుడు కళ్ళు తెరిచి కొనమని మాత్రమే మేము చెప్పేది. సువాసన లేనిది, పూత మందులు పూయనిది, కొయ్యగుజ్జును తెల్లగా చేయడానికి క్లోరిన్ వాయువు వాడనిది మేలు. ఇవి పెట్టె మీద చిన్న అక్షరాలలో వ్రాసి ఉంటాయి. కళ్ళజోడు పెట్టుకొని చదవాలి.

"వెదురు డైపరు", "ప్రకృతి డైపరు" అని ఆకు బొమ్మ వేసినవి కూడా ఉన్నాయి. మా అబ్బాయి ఒక పెట్టె పంపించాడు. మెత్తగానే ఉన్నాయి. వీటిలో వెదురుది సాధారణంగా పైపొర మాత్రమే. అది కూడా వెదురు గుజ్జును రసాయనాలతో కరిగించి తీసిన నూలు. మేము కోసి చూసిన దానిలో ఉబ్బే గుండ, సాగే దారాలు, అంటించే పట్టీలు మామూలు వాటిలాగే ఉన్నాయి. ప్లాస్టిక్ కొంత తగ్గుతుంది, నిజమే. కాని ఆకు బొమ్మ చూసి అది అరటితొక్కలాగా పెరటిలో కుళ్ళి ఎరువైపోతుందనుకుంటే మనల్ని మనం మోసపుచ్చుకున్నట్లే.

ప్రభు బల్ల దగ్గర

ఇంతవరకు మా ఆలోచన అంతా మా పాప చుట్టూనే తిరిగింది. తరువాత జరిగినది మమ్మల్ని పాపను దాటి చూసేటట్లు చేసింది.

నెల మొదటి ఆదివారం. సంస్కారపు ఆరాధన. రొట్టె పళ్ళెం వరుసలో చేతి నుంచి చేతికి వస్తున్నది. మాకు పళ్ళెం అందించిన సోదరి కుడి చేతి వేళ్ళకు గుడ్డ కట్టి ఉన్నది. ఆమె మా వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు. ఎన్నో ఏండ్లుగా ఒకే మందిరంలో కూర్చుంటున్నాము. ఆరాధన అయిన తరువాత, "చేతికి ఏమైందమ్మా?" అని అడిగాము.

"ఏముందండీ మేష్టారూ, గాజు పెంకు గీసుకుంది. ఆ చేత్తోనే చెత్త ఏరాను కదండి, చీము పట్టింది" అన్నది. కొంచెం ఆగి మళ్ళీ, "ఈమధ్య పిల్లల మూటలు ఎక్కువైపోయాయండి. కుక్కలు లాగేస్తాయి. వాన పడితే ఉబ్బి చిట్లిపోతాయి. ఆ జిగురు చేతికంటితే ఓ పట్టాన వదలదండి. తొడుగులు వేసుకుంటే ఎండకి లోపల చెమట పట్టి చెయ్యి ఆడదు" అన్నది.

మేము మాట్లాడలేదు. ఆమె మమ్మల్ని ఓదార్చడానికన్నట్లు నవ్వుతూ, "మీ ఇంటి మూట నేను గుర్తుపడతానండి. తెల్ల కవరు, రెండు ముళ్ళు. గట్టిగా కడతారండి, పాపం, మీది చిట్లదు" అన్నది.

ఆ మాట మెచ్చుకోలుగానే అన్నది. కాని మాకు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్లయింది. రెండు నెలలుగా మా పాప మలం ఆ మూటలలో కట్టి ఆ సోదరి చేతికే ఇస్తున్నాము. అదే చేతినుంచి ఇప్పుడు రొట్టె పళ్ళెం అందుకున్నాము. మేము వీధి చివర పెట్టి మరచిపోయిన దానికి చిరునామా ఉన్నది. అది మా సంఘపు సహోదరి ఇల్లు.

పసిపిల్లల మలం ఏం చేస్తుందిలే అని మన ఇళ్ళలో అంటుంటాము. అది పొరపాటు. విరేచనాలు, కామెర్లు, నులిపురుగులు వంటివి కలిగించే క్రిములు పిల్లల మలంలో కూడా ఉంటాయి. మన బిడ్డకు సురక్షితమైన డైపరు ఏదని అడిగాము గాని, దానిని ఎత్తే చేతికి సురక్షితమా అని ఒక్కసారి కూడా అడగలేదు. పాపకు, ఎత్తే మనిషికి, చివరికి చేరే మట్టికి, నీటికి, ఈ ముగ్గురికీ హాని లేనప్పుడే గదా అది మంచిదనడానికి!

నియమాలు ఏమి చెప్పాయి?

2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాలలోనే ఈ సంగతి ఉన్నది. వాడిన డైపర్లను భద్రంగా చుట్టి, తడి చెత్తలో కలపకుండా ఇవ్వవలసిన బాధ్యత ఇంటివారిదని చెప్పారు. చుట్టి పారవేయడానికి తగిన సంచిని పెట్టెతోపాటు ఇవ్వాలని తయారీదారులకూ చెప్పారు. మేము ఇన్నాళ్ళూ కూరగాయల తొక్కలు, డైపర్లు ఒకే కవరులో కట్టాము. తొక్కల వాసనకే కుక్కలు వచ్చేవి.

అప్పటినుంచి మా ఇంట్లో పద్ధతి మార్చాము. డైపరులోని మలాన్ని ముందు మరుగుదొడ్డిలో దులిపి నీళ్ళు పోస్తాము. డైపరును మాత్రం ఎన్నడూ దొడ్డిలో వేయము, ట్యాంకు పూడిపోతుంది. తరువాత దానిని బిగువుగా చుట్టి, దాని పట్టీలతోనే అంటించి, పాత వార్తాపత్రికలో పొట్లం కట్టి, దానిమీద ఎర్ర సిరాతో పెద్ద గుర్తు పెడతాము. ఆ పొట్లాలు వేరే మూత డబ్బాలో ఉంచి, బండి వచ్చినప్పుడు వీధిలో పెట్టకుండా చేతికే అందిస్తాము. పెరటిలో కాల్చము. ప్లాస్టిక్ పొగ పాపకే మొదట తగులుతుంది.

కాలువలో వేయడం అన్నిటికంటే చెడ్డది. ఏలేరు నీళ్ళు మన పొలాలు తడిపి చివరకు బంగాళాఖాతంలో కలుస్తాయి. ఇండోనేషియా దేశపు జావా ద్వీపంలో బ్రంటాస్ అనే నది ఉన్నది. అక్కడి తల్లులలో చాలామందికి, డైపరును కాల్చితే బిడ్డ ఒళ్ళు మండుతుందని నమ్మకం. అందుకని నదిలో విసిరేవారు. చివరికి స్వచ్ఛంద సేవకులు వంతెనల క్రింద దిగి వాటిని చేతులతో ఏరవలసి వచ్చింది. బిడ్డ మీది ప్రేమతో చేసినదే నదికి కీడైంది.

మళ్ళీ గుడ్డలు, కాని ఈసారి ఉతికేది ఎవరు?

పొట్లాలు ఎంత బాగా కట్టినా అవి రోజుకు ఆరు పొట్లాలే. ఏడాదికి 2,190. ఒక్కొక్కటి పది రూపాయలు అనుకున్నా 21,900 రూపాయలు. అందుచేత అసలు సంఖ్యను తగ్గించాలనుకున్నాము.

మన సంఘంలో మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమ్మగారు ఒకరున్నారు. ఆమె మా ఇంటికి వచ్చి, ఉప్పాడ నేతగాళ్ళు నేసిన పాత నూలు చీర ఒకటి తీయించి, ఇరవైనాలుగు ముక్కలు కత్తిరింపజేశారు. "కొత్త గుడ్డ పనికిరాదమ్మా. ఎన్నో ఉతుకులు ఉతికి మెత్తబడ్డ గుడ్డే పసిదానికి హాయి, తడి కూడా బాగా పీలుస్తుంది" అన్నారు. త్రికోణంగా మడిచి, నడిమి భాగం రెండు మూడు మడతలు వచ్చేటట్లు కట్టడం మళ్ళీ నేర్పారు. సబ్బు కొంచెమే వేయమని, అది పోయేవరకు జాడించమని, సువాసనల ద్రావకాలు వాడవద్దని, వాటితో గుడ్డకు పీల్చే గుణం పోతుందని చెప్పారు. మంచి ఎండలో ఆరవేస్తే ఎండే సగం మందు అన్నారు.

ఇక ఉతకడం. మా అమ్మాయి అడిగిన ప్రశ్న మా ఇద్దరి మధ్య అలాగే నిలిచి ఉన్నది. డైపరును తిట్టేవాళ్ళలో చాలామంది ఒక్క గుడ్డ కూడా ఉతికినవాళ్ళు కారు. పసిగుడ్డలు ఉతికి ఉతికి నడుము వంగిన ఆడవాళ్ళకు ఆ డైపరు ఎంత విడుదల తెచ్చిందో ఒప్పుకోవాలి. ఒకరి నడుము విరిచి పర్యావరణాన్ని కాపాడాలంటే అదీ న్యాయం కాదు. కాబట్టి మా ఇంట్లో ఏర్పాటు ఇది: కట్టడం ఆమె వంతు, ఉతకడం, ఆరవేయడం ఆయన వంతు. ముప్పై ఏళ్ళు బడిలో సుద్దముక్క పట్టిన చేయి మొదటిరోజు గోడ చాటున ఉతికింది. వారం తిరిగేసరికి నూతి చప్టా మీదే కూర్చున్నది. ప్రక్కింటివారు నవ్వారు. నాలుగు రోజులు నవ్వి ఊరుకున్నారు.

గుడ్డలైతే ఏ దోషమూ లేదని కాదు. వాటికీ నీళ్ళు కావాలి, సబ్బు కావాలి. ఇంగ్లండులో 2023లో వెలువడిన ప్రభుత్వ అధ్యయనం, బిడ్డ డైపర్ల కాలమంతా లెక్కవేస్తే, భూమిని వేడెక్కించే వాయువులు ఉతికి వాడే వాటితో సుమారు 25 శాతం తక్కువని తేల్చింది. అదైనా నిండుగా ఉతికి, యంత్రపు వేడితో కాక గాలికి ఆరవేస్తేనే బాగా కలిసివస్తుంది. ఎండ కాచే మన ఊళ్ళో ఆ మేలు దేవుడు ఉచితంగానే ఇచ్చాడు. శ్రావణ భాద్రపదాల ముసురులో మాత్రం గుడ్డలు ఆరక, వసారా అంతా తాళ్ళు కట్టి అవస్థ పడ్డాము. ఆ రోజుల్లో డైపర్లు ఎక్కువే వాడాము. దాచడం దేనికి? మామూలు రోజుల్లో రాత్రికి ఒకటి, ప్రయాణానికి ఒకటి. రాత్రిది ఒక్కటే లెక్కవేసుకుంటే ఏడాదికి 365. రెండు వేలకు పైగా పొట్లాలు మూడు నాలుగు వందలకు దిగాయి.

ఇతర చోట్ల పెద్ద ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. జపానులోని షిబుషి పట్టణం 2016 నుంచి ఒక కంపెనీతో కలిసి, వాడిన డైపర్లను వేరుగా సేకరించి, శుద్ధిచేసి, గుజ్జును మళ్ళీ వాడుకొనే ప్రయత్నం చేస్తున్నది. ఆ యూనిచార్మ్ కంపెనీకి మన రాష్ట్రంలోని శ్రీసిటీలో కూడా కర్మాగారం ఉన్నది. తెలంగాణలో సిద్దిపేట పట్టణం "ఋతుప్రేమ" అనే కార్యక్రమంతో స్త్రీలకు ఉతికి వాడుకొనే గుడ్డ ప్యాడ్లను అలవాటు చేసింది. అటువంటి పని మన ఊరికీ రావాలని ప్రార్థిద్దాము. అంతవరకు మన గుమ్మం దగ్గర చేయగలిగినది మనము చేద్దాము.

ఒక చిన్న కానుక

ఈ సంగతులు స్త్రీల సమాజపు కూటంలో పంచుకున్నాము. అందరూ ఒప్పుకోలేదు. ఉద్యోగాలకు వెళ్ళే తల్లులు ఇద్దరు, "మాకు కుదరదండి" అన్నారు. వాళ్ళ మాటా నిజమే. వాళ్ళు పత్రికలో చుట్టి గుర్తు పెట్టి ఇస్తామన్నారు. అదీ మేలే. సమాజంవారు మాత్రం ఒక నిర్ణయం చేశారు. పసిబిడ్డను ప్రతిష్ఠకు తీసుకువచ్చిన ప్రతి కుటుంబానికి, మెత్తని పాత నూలు చీరలతో కుట్టిన పన్నెండు గుడ్డలు సంఘం తరఫున ఇవ్వాలని. మొదటి పన్నెండింటి అంచులు పెద్దమ్మగారే కుట్టారు. సంఘమంతా కలిసి మన పారిశుద్ధ్య సోదరికి, ఆమెతో పనిచేసేవారికి లోపల నూలు పొర ఉన్న చేతి తొడుగులు కొన్నది. ఇది దానం కాదు. మేము ఎప్పుడో తీర్చవలసిన బాకీ.

లూకా సువార్తలో గొర్రెల కాపరులకు దేవదూత చెప్పిన ఆనవాలు గుర్తుకు తెచ్చుకోండి. కిరీటము కాదు, సింహాసనము కాదు, పొత్తిగుడ్డలు. లోకరక్షకుడు కూడా ఎవరో ఉతికి ఆరవేయవలసిన గుడ్డలలోనే ఈ లోకానికి వచ్చాడు. ఆ గుడ్డలు ఉతికినది మరియమ్మ చేతులు.

మొన్నటి సంస్కారపు ఆదివారం రొట్టె పళ్ళెం మళ్ళీ ఆ సోదరి చేతినుంచే మాకు అందింది. చేతి గాయం మానింది. ఆరాధన తరువాత ఆమె పాపను ఎత్తుకొని, "ఏమ్మా, మీ ఇంటి మూట ఈమధ్య కనపడటం లేదేంటి?" అని బుగ్గ గిల్లింది. పాప కిలకిలా నవ్వింది. అంతలోనే ఆమె ఒడి తడిపింది. మేము కంగారుగా చేతులు చాపితే, "ఉండనివ్వండి మేష్టారూ, గుడ్డే కదండి, ఉతికితే పోతుంది" అన్నది.

ప్రభువు మన ఇండ్లను, మన వీధులను, మన చెత్తను మోసే చేతులను దీవించును గాక. ఆమేన్.